తొక్కుకు లేని చాదస్తం జామ్‌కెందుకు? సీసాలు నీళ్లలో మరిగించాలా, వద్దా?

పానగల్లు పిల్ల: మాది నల్గొండ. మొన్న ఎండాకాలంలో కొల్లాపూర్ నుంచి పెద్దమ్మ రెండు పెట్టెల మామిడిపండ్లు పంపింది. తిని తిని మొహం మొత్తాక మిగిలినవాటి గుజ్జు ఆరు కిలోలైతే జామ్ చేశా. షుగర్ ఉన్న మామయ్య కూడా కాస్త తింటాడని చక్కెర మూడు కిలోలే వేశా, నిమ్మరసం ఒక చెంచా. వేడి మీదే సీసాల్లో పోసి, మూత బిగించి, తలకిందులుగా బోర్లించా, వీడియోలో అట్లనే చూపించారు. ఇరవై రోజులకు పదకొండింటిలో నాలుగు సీసాలకు బూజు, తెల్లగా, మధ్యలో పచ్చగా, రూపాయి బిళ్లంత. మా ఆడబిడ్డేమో మూత పెట్టాక సీసాలను మళ్లీ నీళ్లలో మరిగించాల్సింది అంటుంది. అత్తమ్మేమో "ఏడాదంతా ఉండే తొక్కును ఎవరన్నా నీళ్లల్ల ఉడకబెట్టిన్రా?" అని నవ్వుతుంది. నేను అత్తమ్మ వైపే. మీరేమంటారు?

దేవరకొండోడు: నేనూ అత్తమ్మ పార్టీనే. తప్పంతా చక్కెర దగ్గరుంది అక్కా. మా అమ్మ గుజ్జెంతో చక్కెరంత వేస్తది, గంటెతో ఎత్తితే కారకుండా ముద్దగా జారేదాకా కలుపుతది, అంతే. ఏ మరుగూ లేదు, దసరా దాకా ఉంటది. అయినా షుగర్ మామయ్యకు జామేంది?

క్లాక్‌టవర్ కాకా: పండ్ల గుజ్జు పని చేసే యూనిట్‌లో చాలా ఏళ్లు ఉన్నా కాబట్టి కొంచెం పొడుగ్గా చెప్తా, తిట్టుకోవద్దు. తొక్కుతో పోలికే తప్పు. అందులో ఉప్పు, మామిడి పులుపు, పైన తేలే నూనె, మూడు కాపలాలున్నాయి. జామ్‌కు కాపలా చక్కెర, పులుపు. చక్కెర నీటిని పట్టేసుకుంటది, బూజుకు తాగడానికి చుక్క మిగలదు, అందుకే దుకాణంలో అమ్మే జామ్‌లో చక్కెరతో సహా కరిగిన పదార్థం కనీసం 65 శాతం ఉండాలని ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన. నువ్వు ఒక కాపలాను సగం ఇంటికి పంపినవ్, రెండోదానికి ఆరు కిలోలకు ఒక్క చెంచా ఇచ్చినవ్. బాగా పండిన బేనిషాన్ మామిడిలో పులుపు చాలా తక్కువ, కిలోకు రెండు నిమ్మకాయలన్నా పిండాలె. పులుపును కొలిచే అంకె పీహెచ్, పులుపు పెరిగితే అది తగ్గుతది; అది 4.6 కంటే కిందుంటేనే గాలి చొరని సీసాలో ప్రమాదకరమైన బ్యాక్టీరియా పెరగదు, దాని బీజాలు మామూలు మరుగుకు చావవు. కాబట్టి మరిగిస్తే చాలనే ఆడబిడ్డ మాటా సగమే నిజం. కానీ మరిగించడం మాత్రం కావాలె: గంజు అడుగున గుడ్డ, మూతల మీద అంగుళం నీళ్లు, మరగడం మొదలయ్యాక పది నిమిషాలు. చల్లారాక మూత మధ్యలో లోపలికి గుంజుకొని, వేలితో నొక్కితే టిక్కుమనకుండా ఉండాలె.

దేవరకొండోడు: కాకా, మీ ఫ్యాక్టరీల్లో కూడా వేడిగా నింపి మూతేసుడే కదా?

క్లాక్‌టవర్ కాకా: అవును, కానీ 85 డిగ్రీలకు తగ్గనియ్యరు, మూత ప్రతిసారీ కొత్తది. ఇంట్లో ఒక్క మనిషి పదకొండు సీసాలు నింపేసరికి చివరి సీసా గోరువెచ్చగైతది.

బాలానగర్ తోట: మధ్యలో దూరుతున్నా. దసరాకు సీతాఫలం జామ్ చేసి అమ్ముదామనుకునే పాలమూరు వాళ్లకు నా పోయిన ఏడాది ఏడుపు వినిపించాలి. పొయ్యి మీద పెట్టిన కాసేపటికే చేదెక్కింది, రంగు కూడా గులాబీకి తిరిగింది. సీతాఫలం గుజ్జుకు వేడి పడదు, పులుపు అసలే లేదు. గింజ తీసి చక్కెర కలిపి ఫ్రీజర్‌లో పెట్టడమే మేలు. ఇంకో మాట, బూజు పట్టిన నాలుగూ పైపైన గీకి తినకండి, కంటికి కనపడని పోగులు లోపలికి పోయుంటాయి.

పానగల్లు పిల్ల: కాకా మాట చదివి పారేద్దామని పక్కన పెట్టిన ఆ నాలుగు సీసాలు మళ్లీ చూశా. నాలుగూ పాత తేనె సీసాలు, మూతల లోపలి రబ్బరు అరిగిపోయి ఉంది. కొత్తవి అయిపోయాక చివర్లో నింపినవి. అప్పుడే మామయ్య చాయ్ అడిగితే జామ్ గంజు దింపి పక్కన పెట్టా, ఆయన తాగి, ఇంకో కప్పు అడిగి, తర్వాత కదా నింపింది!

దేవరకొండోడు: అంటే తప్పు చాయ్‌ది, మరిగించకపోవడంది కాదు 😄

క్లాక్‌టవర్ కాకా: చాయ్ పెట్టని ఇల్లు ఏదో చూపియ్యి తమ్మీ. పది నిమిషాల మరుగు ఉన్నది అందుకే. చెల్లె, మిగతా ఏడూ ఫ్రిజ్‌లో పెట్టి తొందరగా కానియ్యి.

పానగల్లు పిల్ల: పెట్టేశా. చలికాలం జామపండ్లతో మళ్లీ చేస్తా, ఈసారి కొత్త మూతలు, సగం సీసాలు మరిగించి, సగం మరిగించకుండా. అత్తమ్మ పందెం కూడా కాసింది. దేవరకొండ తమ్ముడూ, మరిగించనివన్నీ నీకే పంపుతా, అడ్రస్ మెసేజ్ పెట్టు.