బైబిల్ పండుగలు ఏడూ ప్రవచనాలేనా? బూరల పండుగ రోజే రాకడ అంటున్నారు, కొంచెం చెప్పండి

మారతహళ్ళి_ప్రశ్న

అందరికీ వందనాలు. మాది ఒంగోలు వైపు, ఉద్యోగం వల్ల బెంగళూరులో ఉంటున్నాం, మారతహళ్ళి దగ్గర ఒక చిన్న తెలుగు ఫెలోషిప్‌కి వెళ్తాం, పేరు వద్దులెండి. ఎక్కువ మంది ఐటీ వాళ్ళు, పీజీల్లో ఉండే పిల్లలు. ఈమధ్య లేవీయకాండము 23 మీద వరసగా మెసేజ్‌లు నడుస్తున్నాయి. పస్కా, పులియని రొట్టెలు, ప్రథమ ఫలాలు, పెంతెకొస్తు ఈ నాలుగూ మొదటి రాకడప్పుడు తారీఖుతో సహా నెరవేరాయి, మిగిలిన మూడు అంటే బూరల పండుగ, ప్రాయశ్చిత్త దినం, పర్ణశాలల పండుగ రెండో రాకడప్పుడు అలాగే తారీఖుతో సహా నెరవేరతాయి, కాబట్టి సంఘం ఎత్తబడేది (రాప్చర్ అంటారే, విశ్వాసులు ప్రభువు దగ్గరికి పైకి తీసుకుపోబడేది) బూరల పండుగ రోజే అని చెప్తున్నారు. ఈ 2026లో అది సెప్టెంబర్ 11 శుక్రవారం సాయంత్రం మొదలవుతుంది, ఆ రాత్రంతా ప్రార్థన పెట్టారు. షోఫార్, అదే యూదుల పొట్టేలు కొమ్ము బూర, కూడా ఎక్కడినుంచో తెప్పించారు, మొన్న ఆదివారం ఊదితే కింద ఫ్లోర్ ఓనర్ పైకొచ్చి కన్నడలో ఏదో అడిగి వెళ్ళాడు.

వింటుంటే ఒళ్ళు జలదరిస్తుంది, అబద్ధం చెప్పను. కానీ పండుగ కానుక అని కవర్లు కూడా పంచారు, దేవుని సన్నిధిలో వట్టిచేతులతో కనబడకూడదని వాక్యం ఉంది కదా అని. మా ఆవిడేమో మా నాన్నావాళ్ళ సంఘంలో ఇన్నేళ్ళూ ఎవరూ ఈ మాటే ఎత్తలేదే అంటోంది. ఇది నిజంగా బైబిల్ చెప్పేదేనా, మనం ఈ పండుగలు ఆచరించాలా? గొడవ పడకుండా చెప్పండి ప్లీజ్.

పెరంబూర్_అక్క

తమ్ముడూ ప్రైజ్ ద లార్డ్. మేము చెన్నైలో పెరంబూర్, మా తెలుగు సంఘంలో కోతపండుగ అంటే చీర కొంగులో బియ్యం తెచ్చేవాళ్ళు, గుమ్మడికాయలు వేలంపాట పెట్టేవాళ్ళు, అంతవరకే తెలుసు మాకు, దాని వెనక లేవీయకాండము ఉందని పెద్దయ్యాకే తెలిసింది. ఆ సీరీస్‌ని తీసిపారేయకండి, అందులో చాలా ఉంది. నిర్గమకాండము 12 తీయండి, పదో రోజున గొర్రెపిల్లని తెచ్చి పద్నాలుగో రోజు దాకా ఇంట్లో పెట్టుకోవాలి, అంటే పిల్లలు దాంతో ఆడుకుంటారు, అలవాటు పడతారు, అప్పుడు కోయాలి. దాని ఎముక ఒక్కటీ విరగ్గొట్టకూడదు. యోహాను 19లో పక్కన ఇద్దరి కాళ్ళు విరగ్గొట్టి ఆయన దగ్గరకొచ్చి ఆగిపోయారు చూడండి, యోహాను ఆ లేఖనమే గుర్తుచేస్తాడు. పౌలు అయితే సూటిగా క్రీస్తే మన పస్కా అని రాసేశాడు, 1 కొరింథీ 5. అదే పత్రిక 15లో నిద్రించినవారిలో ప్రథమఫలం అన్నాడు.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది పెంతెకొస్తు రొట్టెలు. పస్కాకి పులిసిన పిండి ఇంట్లోనే ఉండకూడదు, కానీ యాభై రోజుల తర్వాత పులిసిన పిండితో చేసిన రెండు రొట్టెలు దేవుని ముందు అల్లాడించమన్నాడు, అంటే ఊపి అర్పించమన్నాడు, లేవీ 23:17. ఆ రెండూ యూదులు, అన్యజనులు అని, మనలాంటి పులిసినవాళ్ళని కూడా ఆయన చేర్చుకున్నాడని మా అమ్మమ్మ వాళ్ళ పాస్టరయ్యగారు చెప్పేవారు, బైబిల్లో అలా రాసిలేదు అనుకోండి కానీ నాకు నచ్చుతుంది. కాబట్టి నాలుగు జరిగినప్పుడు మూడు జరగవా అని నేనంటాను.

సాయంత్రం_కాలేజీ

అక్కా మీరు రాసింది చదివి సంతోషం వేసింది, ఒక్క చివరి లైను దగ్గరే నేను ఆగుతాను. నేను బెంగళూరులోనే, సాయంత్రం పూట బైబిల్ కోర్సు చేస్తున్నాను, పండితుణ్ణేం కాదు.

పస్కాకి, ప్రథమఫలానికి అర్థం చెప్పింది మనం కాదు, అపొస్తలులు. వాళ్ళు చెప్పారు కాబట్టి ఒప్పుకుంటాం. మరి మిగతా మూడింటి గురించి వాళ్ళేమన్నారో చూడాలి కదా, అక్కడే ఈ నాలుగు ప్లస్ మూడు లెక్క చెడిపోతుంది. ప్రాయశ్చిత్త దినం తీసుకోండి. ప్రధాన యాజకుడు ఏడాదికి ఒక్కసారి రక్తంతో అతిపరిశుద్ధ స్థలంలోకి వెళ్ళే రోజు, లేవీ 16. హెబ్రీ 9వ అధ్యాయం మొత్తం దీనిమీదే, క్రీస్తు తన సొంత రక్తంతో ఒక్కసారే ప్రవేశించాడు అంటుంది. అంటే ఆ పత్రిక రాసినాయన దృష్టిలో అది సెప్టెంబర్ కోసం వెయిటింగ్‌లో ఉన్న పండుగ కాదు, సిలువ దగ్గరే తీరిపోయింది. ఆయన మళ్ళీ ప్రత్యక్షమవుతాడని కూడా అదే అధ్యాయం చివర ఉంది, నేను కాదనను, కానీ తారీఖు లేదు.

పర్ణశాలలు కూడా అంతే. ఆ పండుగలో సిలోయము కోనేటి నుంచి నీళ్ళు తెచ్చి బలిపీఠం దగ్గర పోసేవాళ్ళు, ఆవరణలో పెద్ద దీపాలు వెలిగించేవాళ్ళు. సరిగ్గా ఆ పండుగ చివరి మహాదినాన యేసు నిలబడి ఎవడైనా దప్పిగొంటే నా దగ్గరికి రండి అన్నాడు, యోహాను 7:37, తర్వాతి అధ్యాయంలో నేను లోకానికి వెలుగును అన్నాడు. ఆ నీళ్ళ సంగతి తెలిసి ఈ వచనం చదివితే వేరేలా ఉంటుంది. జెకర్యా 14లో అన్ని జనాలూ పర్ణశాలల పండుగకి వస్తారని ఉంది, అది ఇంకా ముందుంది అని నమ్మేవాళ్ళు చాలామంది ఉన్నారు, నేనూ కొంతవరకు అటే. కానీ ఒక్కో పండుగకి ఒక్కటే నెరవేర్పు, అదీ వరసలో అని ఎవరూ రాయలేదు.

ఇక బూరల పండుగ గురించి లేవీయకాండములో మూడే వచనాలు. పౌలు దేవుని బూర అన్నాడు, కడబూర అన్నాడు నిజమే, కానీ బైబిల్లో బూర సీనాయి దగ్గరా మోగింది, యెరికో దగ్గరా మోగింది. ఆ బూర ఈ పండుగ బూరే అని పౌలు అనలేదు.

నాలుగూ కరెక్టుగా ఆ తారీఖునే అనేది కూడా వాళ్ళు చెప్పినంత సాఫీగా లేదండి. మార్కు చూస్తే కడరాత్రి భోజనమే పస్కా, యోహాను 18:28 చూస్తే తెల్లారాక కూడా యూదులు ఇంకా పస్కా తినలేదు. ప్రథమ ఫలాల పన, అంటే మొదటి కోత కట్ట, ఎప్పుడు అల్లాడించాలి అనేదానిమీద పరిసయ్యులకీ సద్దూకయ్యులకీ ఎప్పుడూ పేచీనే, ఒకళ్ళు పులియని రొట్టెల పండుగ మొదటిరోజుకి మర్నాడు అంటే ఇంకొకళ్ళు ఆ వారం సబ్బాతుకి మర్నాడు అన్నారు. దీనివల్ల నా విశ్వాసం ఏం కదల్లేదు, కానీ దీనిమీద క్యాలెండర్ కట్టకూడదు.

కట్టినవాళ్ళ సంగతి చూడండి. 1844లో అమెరికాలో విలియం మిల్లర్ అనే బోధకుడి అనుచరులు సరిగ్గా ఈ పండుగల లెక్కతోనే, ఏడో నెల పదో రోజు ప్రాయశ్చిత్త దినం అని, అక్టోబర్ 22న ప్రభువు వస్తాడని ఎదురుచూశారు. కొంతమంది పొలంలో పంట కూడా కోయలేదు. దాన్ని చరిత్రలో మహా నిరాశ అనే పిలుస్తారు. 1988 సెప్టెంబర్‌లో మళ్ళీ బూరల పండుగ పేరుతోనే ఇంకో హడావిడి. మొన్న 2025 సెప్టెంబర్ 23న ప్రభువు వస్తాడని వాట్సాప్‌లో ఎన్ని వీడియోలు తిరిగాయో మీకూ గుర్తుండే ఉంటుంది, మా రూమ్మేట్ లీవ్ కూడా పెట్టాడు, మర్నాడు స్టాండప్ మీటింగ్‌లో కెమెరా ఆన్ చేయలేదు పాపం.

కవర్_బాధితుడు

కానుక గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. వట్టిచేతులతో రావద్దు అనేది ద్వితీయోపదేశకాండము 16:16, అది ఏడాదికి మూడుసార్లు దేవుడు ఏర్పరచుకున్న స్థలానికి వెళ్ళే మగవాళ్ళకి చెప్పింది. ఆ కింద వచనమే ఎవరి శక్తికొద్దీ వాళ్ళు ఇవ్వాలి అంటుంది, దాన్ని ఎవరూ చదవరు ఎందుకో. ఇంకొంచెం పైకెళ్తే 11, 14 వచనాల్లో నీ పనివాళ్ళు, పరదేశి, తండ్రిలేనివాళ్ళు, విధవరాలు అందరూ నీతో కలిసి పండుగలో సంతోషించాలని ఉంది. మీ పాస్టర్ గారిని ఆ వచనం మీద కూడా ఒక మెసేజ్ చెప్పమనండి, ఆ కవర్ల డబ్బుతో పీజీ పిల్లలకి ఒక పూట భోజనం పెట్టమనండి, నేనైతే మొదటి కవర్ ఇస్తా.

తెనాలి_బావ

ఇంకోటి. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అని తెలుగు యూదులు ఉన్నారు, సినగాగ్, అంటే వాళ్ళ ప్రార్థనా మందిరం, కూడా ఉంది, వాళ్ళు పస్కా చేసుకుంటారు. వాళ్ళకి అది ఐగుప్తు విడుదల పండుగ, దాంట్లో రాప్చర్ చార్టు ఉండదు. షోఫార్ తెప్పించుకోవడం సులువు గానీ పక్కవాళ్ళ పండుగని మన పోస్టర్‌లాగా వాడేటప్పుడు కొంచెం మర్యాద ఉండాలి అనిపిస్తుంది నాకు.

పెరంబూర్_అక్క

కాలేజీ తమ్ముడూ, హెబ్రీ 9 మాట ఒప్పుకున్నాను, నేను ఆ కోణంలో చూడలేదు. పర్ణశాలల విషయంలో మాత్రం నేను ఎదురుచూస్తూనే ఉంటా. తారీఖు లేకుండా.

మారతహళ్ళి_ప్రశ్న

అందరికీ థాంక్స్. ఆచరించాలా అన్నదానికి కొలస్సయులు 2:16, 17 మా ఆవిడే తీసి చూపించింది, పండుగ విషయంలో ఎవరూ మీకు తీర్పు తీర్చకూడదు, అవి రాబోవువాటి ఛాయ, నిజస్వరూపం క్రీస్తులో ఉంది అని. కాబట్టి చేసుకునేవాళ్ళని ఏమీ అనను. సెప్టెంబర్ 11 రాత్రి ప్రార్థనకి వెళ్తాం, ప్రార్థన కాబట్టి. పన్నెండున శనివారం పాపకి స్కూల్లో పరీక్ష ఉంది, అందుకని పదింటికల్లా వచ్చేస్తాం. సాయంత్రం_కాలేజీ బ్రదర్, మీ కోర్సులో హెబ్రీ పత్రిక నోట్స్ ఏమైనా తెలుగులో ఉంటే మెసేజ్ చేయండి, పాస్టర్ గారితో విడిగా కూర్చుని మాట్లాడదాం అనుకుంటున్నా.

సాయంత్రం_కాలేజీ

పంపాను చూడండి. చేతిరాత నాదే, సర్దుకోండి.