బేరింగ్ షాఫ్టు కొలవడానికి మైక్రోమీటర్, డయల్ గేజ్ ఎక్కడ కొనడం మంచిది?

ప్రశ్న:

నా దగ్గర ఒక పాత లేత్ మెషీన్ ఉంది. షాఫ్టులు, బుష్‌లు టర్నింగ్ చేసి బేరింగులు ఎక్కించడం నా పని. ఇంతకాలం 150 మి.మీ. డిజిటల్ కాలిపర్ ఒక్కదానితోనే నెట్టుకొచ్చాను. ఈమధ్య 6205 బేరింగ్ (లోపలి వ్యాసం 25 మి.మీ.) కోసం షాఫ్టు టర్నింగ్ చేసి, కాలిపర్ 25.01 చూపించాక మెషీన్ మీద నుంచి దించాను. కొంతసేపటి తర్వాత బేరింగ్ ఎక్కించబోతే సుత్తి అవసరం లేకుండా చేత్తో తోయగానే లోపలికి వెళ్ళిపోయింది. బేరింగ్ బిగుతుగా కూర్చోవాలి కాబట్టి ఆ షాఫ్టు తుక్కులోకి పోయింది.

అందుకని 0–25 మి.మీ. మైక్రోమీటర్ (స్క్రూతో కొలిచే పరికరం) ఒకటి, మాగ్నెటిక్ స్టాండ్‌తో డయల్ గేజ్ (చిన్న కదలికలను ముల్లుతో చూపేది) ఒకటి, వీలైతే స్లిప్ గేజుల (కచ్చితమైన మందం గల దిమ్మెల) సెట్టు కొనాలనుకుంటున్నాను. ఆన్‌లైన్‌లో చూస్తే ఒకే కంపెనీ పేరు, ఒకే మోడల్ నంబరు ఉన్న వస్తువు ఒక్కో అమ్మకందారు దగ్గర ఒక్కో ధరకు కనబడుతోంది. కొత్తవి ఎవరి దగ్గర కొనాలో, వాడినవి కొనవచ్చో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు 1:

ఎక్కడ కొనాలనే దానికంటే ముందు ఏది కొనాలో తేల్చుకోవాలండీ. మీరు 0–25 మైక్రోమీటర్ కొంటే ఇదే పనికి అక్కరకు రాదు. 25 మి.మీ. షాఫ్టుకు కె6 టాలరెన్స్ (బేరింగ్ బిగుతుగా కూర్చోవడానికి వాడే కొలత హద్దులు) అంటే 25.002 నుంచి 25.015 మధ్య ఉండాలి, 0–25 పరిధి అక్కడికి ముందే ముగిసిపోతుంది. మీకు కావలసింది 25–50. దానితోపాటు 25 మి.మీ. సెట్టింగ్ రాడ్ (సరిచూసుకోవడానికి కచ్చితమైన కడ్డీ) వస్తుంది, మీ కొలత ఆ రాడ్‌కు ఆనుకునే ఉంటుంది కాబట్టి సున్నా సరిచూసుకుని వెంటనే షాఫ్టును కొలిస్తే పొరపాటుకు అవకాశం బాగా తగ్గుతుంది.

ఇక మీ కాలిపర్ తప్పు చెప్పిందనడానికి లేదు. అది 0.01 దాకా అంకెలు చూపిస్తుంది గానీ ఆ రకం కాలిపర్లకు తయారీదారులే ±0.02 మి.మీ. లోపాన్ని అనుమతిస్తారు. మీకు అందుబాటులో ఉన్న ఖాళీ 13 మైక్రాన్లయితే (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) పరికరం అటూ ఇటూ 20 మైక్రాన్లు తప్పవచ్చు. పైగా కాలిపర్‌లో స్కేలు ఒక గీత మీద, కొలిచే వస్తువు మరో గీత మీద ఉంటాయి. దవడలు కొద్దిగా వాలినా ఆ తేడా కొలతలోకి వచ్చేస్తుంది. మైక్రోమీటర్‌లో స్క్రూ, వస్తువు ఒకే గీత మీద ఉంటాయి.

ఇంకొక అనుమానం. షాఫ్టును వేడి మీదే కొలిచారా? ఉక్కు మీటరుకు ఒక్కో డిగ్రీకి సుమారు 11.5 మైక్రాన్లు వ్యాకోచిస్తుంది. కొలతలకు ప్రమాణమైన 20 డిగ్రీల కంటే షాఫ్టు 40 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే 25 మి.మీ. వ్యాసం దాదాపు 11.5 మైక్రాన్లు పెద్దగా కనబడుతుంది. చల్లారాక మీ టాలరెన్స్ దాదాపు అంతా అందులోనే పోతుంది.

జవాబు 2:

పైవారు చెప్పిన 25–50 మాట నిజం. కొనే చోటు విషయానికి వస్తే, నేను పాటించే పద్ధతి ఇది. ముందు మిటుటోయో, మార్, టెసా, స్టారెట్ వంటి తయారీదారుల్లో ఒకరిని ఎంచుకుని, ఆ కంపెనీ సొంత వెబ్‌సైటులో మీ ప్రాంతానికి అధీకృత డీలర్ ఎవరో చూసుకుని, వారినే ధర అడుగుతాను. అందరూ అమ్ముకునే ఆన్‌లైన్ అంగడిలో కొనవలసి వస్తే వస్తువు పేరు కాకుండా అమ్మకందారు పేరు చూస్తాను, ఎందుకంటే ఒకే పేజీలో అధీకృత డీలరూ, ఎవరో తెలియని వ్యక్తీ పక్కపక్కనే ఉంటారు.

ఒకసారి చవకగా వస్తోందని ఒక ప్రసిద్ధ పేరున్న డిజిటల్ కాలిపర్‌ను అలాగే కొని మోసపోయాను. పెట్టె, ముద్ర, లోపలి కాగితం చూస్తే ఎవరికీ సందేహం రాదు. దవడలు మూసి దీపం ముందు పట్టుకుంటే మొన దగ్గర సన్నని వెలుగు గీత కనిపించింది. దవడను వేగంగా పదిసార్లు తెరిచి మూస్తే సున్నా ఒకసారి 0.00, ఒకసారి 0.03 దగ్గర నిలిచింది. తిరిగి పంపే గడువు ఇంకా ఉండబట్టి డబ్బు దక్కింది. కాబట్టి ఎవరి దగ్గర కొన్నా పార్సిల్ విప్పిన రోజే పరీక్షించండి.

చవక రకాలన్నీ పనికిరావని కూడా నేను అనను. మాగ్నెటిక్ స్టాండుకు పెద్ద పేరు అవసరం లేదు, గట్టిగా పట్టుకుని కదలకుండా ఉంటే సరిపోతుంది. డబ్బు మైక్రోమీటర్ మీద పెట్టండి.

జవాబు 3:

వాడినవి కొనడానికి భయపడనక్కరలేదు గానీ రకాన్ని బట్టి ఉంటుంది. మామూలు మెకానికల్ మైక్రోమీటర్‌ను బాగా చూసుకున్న చేతి నుంచి తీసుకుంటే దశాబ్దాలు పనిచేస్తుంది. మూతపడిన కర్మాగారాల వేలంలోనూ, పని మానేసిన పాత టర్నర్ల దగ్గరా మంచివి దొరుకుతాయి. వాడిన డిజిటల్ పరికరాల జోలికి మాత్రం నేను వెళ్ళను, లోపలికి కూలెంట్ (కోతను చల్లబరిచే ద్రవం) ఎంత పోయిందో పైకి తెలియదు.

చేతిలోకి తీసుకున్నాక, తిప్పే గొట్టమైన థింబుల్‌ను పరిధి మొత్తం తిప్పి చూడండి. ఎక్కువగా వాడిన చోట వదులుగా, మిగతా చోట బిగువుగా తగిలితే స్క్రూ అరిగిందన్నమాట. తర్వాత యాన్విల్ (కదలని కొలిచే ముఖం) అంచుల్లో పెచ్చులు ఊడాయేమో చూడండి. చిన్న బేరింగ్ బంతి ఒకటి పట్టుకెళ్ళి దాన్ని ముఖం మధ్యలో, నాలుగు అంచుల దగ్గర కొలిస్తే ముఖాలు సమాంతరంగా ఉన్నాయో లేదో అక్కడే తేలిపోతుంది. 25–50 అయితే బంతి 25 మి.మీ. దాటాలి. డయల్ గేజ్‌కైతే స్పిండిల్‌ను (కిందికి పొడుచుకొచ్చిన కదిలే కడ్డీని) వేలితో మెల్లగా ఎత్తి వదలండి, ప్రతిసారీ ముల్లు అదే గీత మీదకు రావాలి. ఎక్కడైనా ఆగి ఆగి దిగితే వద్దు. అలా దిగుతోందని స్పిండిల్‌కు నూనె వేసేవారున్నారు, ఆ నూనె దుమ్మును పట్టి ఇంకా బిగుస్తుంది.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. షాఫ్టును వేడి మీదే కొలిచిన మాట నిజమే. మైక్రోమీటర్ 25–50 కొత్తది అధీకృత డీలర్ దగ్గర తీసుకుంటాను. పెట్టెలో తయారీదారు ఇచ్చే కాగితం సరిపోతుందా, లేక క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ వేరుగా అడగాలా? స్లిప్ గేజులు ఇప్పుడే కొనాలా?

జవాబు 2 రాసినవారు:

పెట్టెలో వచ్చేది చాలాసార్లు తనిఖీ పత్రం మాత్రమే. మీ వస్తువు క్రమ సంఖ్య, కొలిచిన విలువలు, అనిశ్చితి రాసి, ఐఎస్ఓ 17025 (ప్రయోగశాలల అంతర్జాతీయ ప్రమాణం) గుర్తింపు ఉన్న ప్రయోగశాల ఇచ్చేదే క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్. మీ పనిని కొనేవారు దాన్ని అడగకపోతే ఇప్పుడు ఆ ఖర్చు అక్కరలేదు.

స్లిప్ గేజుల పెద్ద సెట్టు కూడా ఇప్పుడు వద్దు. మైక్రోమీటర్ పరీక్షకని 2.5, 5.1, 7.7, 10.3 ఇలా 25 దాకా వెళ్ళే పది ముక్కల చిన్న సెట్లు దొరుకుతాయి. స్క్రూ పిచ్ (ఒక చుట్టుకు జరిగే దూరం) 0.5 మి.మీ. కాబట్టి 5, 10, 15 వంటి కొలతల దగ్గర థింబుల్ ఎప్పుడూ ఒకే గీత మీద ఆగుతుంది, ఈ సెట్టులోని కొలతలు దాన్ని చుట్టూ వేర్వేరు గీతల దగ్గర ఆపి చూస్తాయి. మీరు 0–25 కూడా తీసుకున్న రోజున అది కొనండి. అప్పటిదాకా 25 రాడ్‌ను చేతి వేడి తగలకుండా పట్టుకుని రోజూ ఉదయం సున్నా చూసుకుంటే చాలు.