పాత రివాల్వర్ కొనేముందు ఏమేం చూడాలి?

ప్రశ్న:
వాడిన 357 మ్యాగ్నమ్ రివాల్వర్ ఒకటి బేరంలో ఉంది. పైకి నిగనిగలాడుతోంది. కాల్చి చూసే వీల్లేదు, చేతిలోకి తీసుకుని చూడనిస్తారంతే. దేని మీద దృష్టి పెట్టాలి?

జవాబు 1:
ముందు సిలిండర్ తెరిచి ఛాంబర్లన్నీ (తూటాలు పెట్టే గదులు) ఖాళీయేనని కంటితో చూడండి, వేలితో తడమండి. హ్యామర్ (వెనకుండే సుత్తి, తూటాని పేల్చేది) లాగి చూస్తానని యజమానికి చెప్పి, ఒప్పుకున్నాకే లాగండి.

అన్నిటికన్నా ముఖ్యం టైమింగ్, అంటే హ్యామర్ ఎక్కేసరికి సిలిండర్ సరైన చోట ఆగడం. సిలిండర్ మీద వేలు తేలిగ్గా ఆనించి, హ్యామర్‌ని బాగా నెమ్మదిగా వెనక్కి లాగండి. హ్యామర్ పూర్తిగా ఎక్కేలోపే సిలిండర్ టక్కుమని గాడిలో పడాలి. హ్యామర్ ఎక్కాక కూడా సిలిండర్‌ని చేత్తో ఇంకాస్త తిప్పితేగానీ పడట్లేదంటే లోపల అరిగిందన్నమాట. ఆరు ఛాంబర్లకూ ఇలాగే చూడాలి. సిలిండర్ వెనక ఉండే స్టార్ (నక్షత్రంలాంటి పళ్ల చక్రం) మీద ఒక్కో ఛాంబర్‌కి ఒక్కో పన్ను ఉంటుంది, అరిగింది ఒక్కటే కావచ్చు. అలాంటిది కాలిస్తే ఛాంబర్ బ్యారెల్‌కి సూటిగా నిలవదు, గుండు అంచు చెక్కుకుపోయి సీసం పక్కలకు చిమ్ముతుంది.

హ్యామర్ ఎక్కుపెట్టి, ట్రిగ్గర్ ముట్టకుండా వెనక నుంచి బొటనవేలితో నెట్టండి. జారి పడిందా, ఇక బేరం వద్దు.

జవాబు 2:
ఫీలర్ గేజ్ (సందులు కొలిచే పల్చటి రేకులు) వెంట ఉంచుకోండి. బ్యారెల్‌కీ సిలిండర్‌కీ మధ్య సందు 4 నుంచి 8 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ఉంటే బాగున్నట్టే. సిలిండర్‌ని వెనక్కి నొక్కి ఒకసారి, ముందుకు నొక్కి ఒకసారి కొలవండి. రెండిటి తేడా 3 థౌ దాటితే బాగా వాడేశారు. షిమ్ (పల్చటి వాషర్) వేసి సరిచేయొచ్చు గానీ ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి.

టార్చ్ వేసి ఫోర్సింగ్ కోన్ (బ్యారెల్ వెనక చివర, గుండు లోపలికి దూరే గరాటులాంటి భాగం) అడుగుభాగం చూడండి. స్మిత్ అండ్ వెస్సన్ మోడల్ 19లో అక్కడ లోహం పల్చన, 125 గ్రెయిన్ల బరువు గుండున్న మ్యాగ్నమ్ తూటాలు ఎక్కువ కాల్చినవాటికి పగుళ్లు వస్తాయి. పగులుంటే బ్యారెలే మార్చాలి. టాప్ స్ట్రాప్ (సిలిండర్ పైనుండే ఫ్రేమ్ పట్టీ) మీద సన్నటి కాలిన గీతకి మాత్రం భయపడక్కర్లేదు.

జవాబు 3:
సిలిండర్ బిగుసుకుంటే వెంటనే వదిలేయకండి. స్టార్ కింద మసి చేరినా, ఎజెక్టర్ రాడ్ (ఖాళీ తూటాలను బయటికి నెట్టే కడ్డీ) మర వదులైనా అంతే. బ్రష్‌తో తుడిచి మళ్లీ తిప్పండి. అప్పుడూ పట్టేస్తూ, తెరిచి తిప్పితే రాడ్ కొన ఊగుతుంటే రాడ్ వంగింది. సినిమాల్లోలా సిలిండర్‌ని విదిలించి మూస్తే క్రేన్ (సిలిండర్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే చేయి) కూడా వంగుతుంది.

ప్రశ్న అడిగినవారు:
హ్యామర్ ఎక్కించినప్పుడు సిలిండర్ పక్కలకు కొద్దిగా కదులుతోందండీ.

జవాబు 1:
వెంట్రుకవాసి కదలిక మామూలే. పాత కోల్ట్ కంపెనీ రివాల్వర్లలో మాత్రం ట్రిగ్గర్ పూర్తిగా నొక్కి పట్టి ఉంచితే అసలు కదలకూడదు.