పాత మారుతి 800 మార్చాలి, దాని స్టీరింగ్ మీద వేసిన ముడులు ఏం చేయాలి?

మాది చిక్కడపల్లి. నాన్న 2006లో కొన్న మారుతి 800 ఇంకా నడుస్తోంది. పదిహేనేళ్లు నిండాక 2021లో రిజిస్ట్రేషన్ ఐదేళ్లకు రెన్యూవల్ చేయించాం. ఆ గడువూ 2026తో అయిపోతుంది. మళ్లీ ఫిట్‌నెస్, గ్రీన్ ట్యాక్స్ అంటూ తిరిగే ఓపిక నాకు లేదు. పైగా అమ్మకు మోకాళ్ల నొప్పులు. అంత కిందకున్న సీట్లోంచి లేవాలంటే ఇద్దరం పట్టుకోవాలి.

బడ్జెట్ ఆరు లక్షలు. సీటు ఎత్తుగా ఉండాలి, మా సందులో తిప్పుకోగలగాలి. పాత వ్యాగన్ ఆర్ చూడనా, కొత్త చిన్న కారే తీసుకోనా? బండి స్క్రాప్‌కి ఇచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే ఎంత వచ్చిందో చెప్పండి.

అసలు బాధ వేరే. నాకు అలంకార ముడులు వేసే పిచ్చి ఉంది. లాక్‌డౌన్‌లో ఆ స్టీరింగ్ చుట్టూ నైలాన్ తాడుతో వరసగా ముడులు అల్లాను, గేర్ రాడ్‌కి టర్క్స్ హెడ్ ముడి (చుట్టూ జడలా తిరిగే, తలపాగాలా కనిపించే అల్లిక) వేశాను. గేర్ దగ్గరది వదులు చేసి విప్పుకోవచ్చు. స్టీరింగ్‌ది మాత్రం బిగుసుకుపోయింది, కోయకుండా రాదేమో. చెమటకి, జిడ్డుకి గట్టిపడ్డ నైలాన్ ముడిని విప్పే చిట్కా ఉందా? వేడి నీళ్లు అక్కడ పోయలేను కదా!

ఇంకోటి, కొత్త కారు స్టీరింగ్‌లో ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. మధ్య భాగం ముట్టుకోకుండా అంచుకి మాత్రమే అల్లితే పర్వాలేదా? తాడు జారితే ప్రమాదమని మా తమ్ముడు వద్దంటున్నాడు. వాడికి తాళంచెవికి కట్టిన మంకీస్ ఫిస్ట్ (బంతిలా ఉండే ముడి) కూడా నచ్చదు లెండి.