ప్లాస్టిక్ డబ్బాలు తీసేసి గాజు సీసాలు కొనాలా?

ధర్మవరం కోడలు:
మా వంటింట్లో ఇరవైదాకా ప్లాస్టిక్ డబ్బాలున్నాయి. పదేళ్ల నాటివి. రంగు మారాయి, కొన్నిటి మూతలు పగిలాయి. అన్నీ తీసేసి పప్పులకూ పిండ్లకూ ఒకే రకం గాజు సీసాలు కొందామని ఉంది. పర్యావరణానికి కూడా మంచిదంటున్నారు కదా. మా ఆయనేమో స్టీలు డబ్బాలుండగా ఇవెందుకంటున్నారు. మీరేమంటారు?

ఆదోని అక్క:
కొనుక్కో చెల్లీ. ప్లాస్టిక్‌లో ధనియాల పొడి వాసన ఎన్నిసార్లు కడిగినా పోదు, గాజుకు ఆ బాధ లేదు. స్టీలు డబ్బాలో పురుగు పడితే మూత తీసేదాకా తెలీదు. గాజులో అయితే బయటికే కనిపిస్తుంది.

అనంతపురం వాసి:
గాజు మంచిదే. కొత్త గాజు కొంటే పర్యావరణానికి మేలు అంటేనే నేను ఒప్పుకోను. ఇసుక, సోడా యాష్, సున్నపురాయి కలిపి దాదాపు 1500 డిగ్రీల వేడిలో కరిగిస్తే గాజవుతుంది. పైగా బరువు, లారీకి డీజిల్ ఎక్కువ. ఆ సీసా మీ ఇంట్లో ఏళ్ల తరబడి నిలిస్తేనే ఆ ఖర్చుకు న్యాయం. పగిలితే? మా వీధికొచ్చే పాత సామాన్లతను గాజు పెంకులు ముట్టుకోడు. సొట్ట పోయిన స్టీలు డబ్బాను మాత్రం తూకమేసి తీసుకుంటాడు.

ఇంకొకటి. మనం శెనక్కాయ విత్తనాలు ఎక్కువ దాచుకుంటాం. వాటిలో నూనె ఉంటుంది కాబట్టి వెలుతురు, వేడి, గాలి తగిలితే చేదెక్కుతాయి. మిరప్పొడి కూడా అంతే, ఎండ పడే అలమరలో గాజు సీసాలో పెడితే రంగు వెలిసిపోతుంది. ఈ రెండిటికీ స్టీలే మేలు.

ఆదోని అక్క:
స్టీలు చేయడానికి మంట అక్కర్లేదా అన్నా?

అనంతపురం వాసి:
కావాలి అక్కా, మీరన్నది నిజమే. అందుకే కొత్త స్టీలు కూడా కొనమనడం లేదు. అయిపోయిన పచ్చడి సీసాలు, కాఫీ సీసాలు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. గోరువెచ్చని నీళ్లలో నానబెడితే కాగితం ఊడొస్తుంది. చల్లటి సీసాలో మరిగే నీళ్లు మాత్రం పోయకండి, పగులుతుంది. కడిగాక ఒక పూట ఎండలో పెడితే వాసన చాలావరకు పోతుంది.

ప్రొద్దుటూరు అమ్మమ్మ:
గాజైతే పురుగు పడదనుకోకండి నాయనా. గుడ్లు గింజతోపాటే ఇంటికొస్తాయి. కందిపప్పు ఎండబెట్టి, పూర్తిగా చల్లారాక పోయాలి. వేడి మీద పోసి మూత పెడితే లోపల చెమ్మ పట్టి బూజొస్తుంది. మేం పప్పుకు కాస్త ఆముదం పట్టించి దాచేవాళ్లం. ఏ డబ్బా అయినా మూత బిగుతుగా ఉందా లేదా, అది చూడండి ముందు.

ధర్మవరం కోడలు:
మీ మాటలు చదివి అటక మీద వెతికాను. తొమ్మిది పచ్చడి సీసాలు, మా అత్తమ్మ పెళ్లినాటి స్టీలు డబ్బాలు ఆరు దొరికాయి. కొర్రలు, రాగులు, శెనక్కాయ విత్తనాలు స్టీలులో పోశాను. జీలకర్ర, మెంతులు, ఆవాలు సీసాల్లోకి మార్చాను. బాగున్న ప్లాస్టిక్ డబ్బాల్లో దారాలు, గుండీలు పెట్టుకున్నా. మూడు సీసాల మూతలు తుప్పు పట్టాయి. మూతలు మాత్రమే విడిగా అనంతపురం పాతూరులో దొరుకుతాయా అన్నా?