మూడో తరగతి: బాగా మాట్లాడతారు, రాయమంటే బోర్డు చూసి దించేస్తారు

అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం వైపు ఒక పల్లెలో మూడో తరగతికి చెప్తున్నాను. 19 మంది పిల్లలు. అక్షరాలు, గుణింతాలు వచ్చు. ఒత్తుల దగ్గర ఏడెనిమిది మంది తడబడతారు.

ఆరు వారాలుగా నలభై నిమిషాల పీరియడ్‌ని ఇలా నడుపుతున్నాను: పది నిమిషాలు చిన్న కథ పైకి చదవడం, పదిహేను నిమిషాలు దాని మీద మాటలు, మిగతాది రాత. మాటలకు లోటే లేదు. మొన్న ఒకమ్మాయి "మేము చెనిక్కాయలు పెరికేకి పోయినాము, పాము కనపడింది, మా అవ్వ చెప్పు ఇసిరింది" అని చెప్తే తరగతంతా నవ్వు. అదే రాయమంటే "మేము పొలానికి వెళ్ళాము. పాము వచ్చింది." అంతే. అవ్వా లేదు, చెప్పూ లేదు.

వాళ్ళు చెప్పిన మాటల్నే బోర్డు మీద రాసి చదివించాను. మరుసటి రోజు 19 నోట్సుల్లోనూ అవే వాక్యాలు. బోర్డు తుడిచేస్తే "సార్, ఏం రాయాల?" అని కూర్చుంటారు. బొమ్మలు గీసి కింద రాయమన్నాను, బొమ్మ మాత్రం పూర్తవుతుంది. జతలుగా కూర్చోబెడితే ఒకరు రాస్తారు, ఇంకొకరు దించుతారు. తప్పులకు ఎర్ర ఇంకు మానేసి మూడు వారాలైంది, భయం కొంచెం తగ్గింది కానీ రాత పెరగలేదు. "పెరికేకి" లాంటి ఇంటి మాట రాస్తే తప్పేమోనని వాళ్ళ అనుమానం (తప్పు కాదని చెప్పాను, నమ్మినట్టు లేరు).

ఈ వయసు పిల్లలకు చెప్పినవాళ్ళు చెప్పండి: మాట అయ్యాక బోర్డు ఆసరా లేకుండా, పిల్లలు తమ మాటే తాము రాసుకునేలా మధ్యలో మీరు ఏ ఒక్క పని చేయించారు?