గోమార్లను చంపుతూనే ఉన్నా టీకా ఎందుకండీ?

పెయ్యలోడు:
రెండు వారాలకోసారి మందు కొట్టి కొట్టంలో గోమారు (పశువుల రక్తం తాగే పిడుదు) అన్నది లేకుండా చేస్తున్నా. అయినా మా పశువుల డాక్టరు గోమారు కాటుతో వచ్చే రోగానికి టీకా వేయించమంటున్నారు. గోమారే లేనప్పుడు రోగం ఎక్కడ్నుంచి వస్తుంది? పైగా అది బతికున్న క్రిమితో చేసిన టీకా అట, బాగున్న పశువుకి ఎక్కించాలంటే టెన్షన్‌గా ఉంది.

ఎర్రావు:
నేనూ నాలుగేళ్లు ఇలాగే అనుకున్నానండీ. ఒక్క సీజన్ మందు ఆలస్యమైంది, పాలిచ్చే ఆవు కాఫీ డికాషన్ రంగులో మూత్రం పోసింది, మూడో రోజుకి లేవలేదు. పక్కనే ఉన్న దూడలు మాత్రం నిక్షేపంగా గంతులేస్తున్నాయి! బబీసియా అంటే గోమారు మోసుకొచ్చే రక్తంలోని క్రిమి, అది తొమ్మిది నెలల లోపు సోకితే చాలావరకు తేలిగ్గా పోతుంది, ఆ రక్షణ ఏళ్ల తరబడి ఉంటుంది. గోమారు మొహం చూడకుండా పెరిగిన పశువుకి పెద్దయ్యాక మొదటిసారి సోకితేనే ప్రాణం మీదికొస్తుంది. ఆస్ట్రేలియాలో బబీసియా టీకాని 3 నుంచి 9 నెలల దూడలకు వేయమనేది అందుకే.

కొట్టంమనిషి:
అన్నింటినీ ఒకే గాటన కట్టకండి. థైలీరియా అని గోమారు మోసే ఇంకో క్రిమి ఉంది, అది దూడల్ని కూడా వదలదు, సంకర జాతివైతే మరీను. భుజం ముందు గడ్డ కోడిగుడ్డంత వాచి, 105, 106 డిగ్రీల జ్వరం, కంటి రెప్ప తిప్పి చూస్తే లోపల తెల్లగా పాలిపోయి ఉంటుంది. దీని టీకా వేరు. బలహీనపరిచిన క్రిమిని ల్యాబ్‌లో కణాల్లో పెంచి చేస్తారు, వేసేదాకా ద్రవ నైట్రోజన్‌లోనే ఉండాలి. ఎవరైనా ఐస్ డబ్బాలో తెస్తే తిప్పి పంపేయండి, అది వేసినా దండగే.

పెయ్యలోడు:
గోమారుకే టీకా ఉందంటారు కదా, అది వేయిస్తే గొడవ వదిలిపోదా?

కొట్టంమనిషి:
ఉంది, గోమారు పేగులోని ప్రోటీన్‌తో చేసింది. టీకా వేసిన పశువు రక్తం తాగిన గోమారుకి పేగు దెబ్బతిని గుడ్లు తగ్గుతాయి. కానీ అది ప్రధానంగా బబీసియా మోసే గోమారు కోసం చేసింది. థైలీరియాని మోసేది హైలోమా అనే గోమారు, ఆ జాతి వేరు.

ఎర్రావు:
మందు కూడా కాస్త తగ్గించండి. అదే పనిగా కొడితే గోమార్లు దానికి అలవాటు పడిపోతాయి.

కొట్టంమనిషి:
తగ్గించమని అంత తేలిగ్గా చెప్పకండి, టీకా పడి రక్షణ వచ్చేదాకా వారాలు పడుతుంది. అప్పటిదాకా తగ్గించొద్దు.

పెయ్యలోడు:
సరే, దూడలకు వేయిస్తా. చూడి ఆవులు రెండున్నాయి, వాటికి?

కొట్టంమనిషి:
ఇప్పుడొద్దు. ఈనాక మీ డాక్టర్ని అడగండి.